బోర్డు బాబాయి పదకొండు మాత్రలు

మా వీధిలో ఆయన్ని అందరూ బోర్డు బాబాయి అంటారు. యాభై ఏళ్లుగా దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. ఈ చివర బడి నుంచి ఆ చివర బస్టాపు దాకా నడిస్తే దారి పొడవునా ఆయన అక్షరాలే కనిపిస్తాయి. కుట్టుపనివాడి దుకాణం మీద 'సాయంత్రానికల్లా సిద్ధం' అని సన్నగా, తీరిగ్గా ఒళ్లు విరుచుకున్న అక్షరాలు. తాళాలు బాగుచేసే చోట పొట్టిగా, గట్టిగా, ఎవరు లాగినా ఊడిరానట్టు నిలబడ్డ అక్షరాలు. పళ్ల దుకాణానికి 'తాజా పళ్లు' అని రాసినప్పుడు 'ళ్లు' కింది ఒత్తును ఎంత నిండుగా ఉబ్బించాడంటే, ఆ ఒత్తు చూసే సగం మంది లోపలికి వస్తారని దుకాణదారు ఇప్పటికీ చెబుతాడు.

ఆయన పని చేస్తుంటే చుట్టూ చేరి చూడటం మాకు చిన్నప్పటి నుంచీ కాలక్షేపం. చాక్‌పీసు పొడి పట్టించిన దారాన్ని బోర్డు మీద బిగించి, మధ్యలో వేలితో లాగి వదిలేవాడు. టప్పుమని తెల్లగీత పడేది. చివర గుడ్డ చుట్టిన కర్రను ఎడమచేత్తో బోర్డుకు ఆనించి, దాని మీద కుడి మణికట్టు మోపి కుంచె కదిపేవాడు. తలకట్లన్నీ ఆఖరున పెట్టేవాడు. ఎందుకని అడిగితే, "చొక్కా తొడుక్కోకుండా టోపీ పెట్టుకుంటామురా?" అనేవాడు.

ఆయన మాటలపోగు. ఆయన భార్యను మేమంతా పిన్ని అంటాం. ఆవిడ పెద్దగా మాట్లాడదు గానీ, ఆయన పది మాటల్ని ఒక్క మాటతో మడిచి పెట్టేయగలదు. ఇంటి ముందుగదిలో వాళ్ల కూతురు ఫ్లెక్సీలు అచ్చువేసే దుకాణం నడుపుతుంది. తండ్రి వారం రోజులు రాసేదాన్ని ఆవిడ పావుగంటలో మిషన్లోంచి లాగేస్తుంది.

"నీ ఫ్లెక్సీ ఎండకు రెండేళ్లు ఆగదే" అనేవాడు ఆయన.

"నీ బోర్డు ఎండటానికే రెండేళ్లు పడుతుంది నాన్నా" అనేది ఆవిడ.

అలాంటి బాబాయి డెబ్బై మూడో ఏట మా గేటుకు ఒక బోర్డు రాసిచ్చాడు. 'గేటు ముందు వాహనాలు నిలుపరాదు' అని రాయమన్నాను. పొద్దున్నే తెచ్చుకుని, నాలుగు మేకులు కొట్టి తగిలించి, పనికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి గేటుకు అడ్డంగా రెండు కార్లు, వాటి వెనక ఒక సామాన్ల బండి. నా బండి లోపలికి తీసుకెళ్లే సందు లేదు. ఒళ్లు మండి సామాన్ల బండివాణ్ని నిలదీశాను. అతను తాపీగా బోర్డు వైపు చూపించాడు.

చూద్దును కదా, ఆఖరి 'దు' లేదు. 'గేటు ముందు వాహనాలు నిలుపరా' అని ఉంది.

"అంత చనువుగా పిలిస్తే కాదనలేకపోయాను సార్" అన్నాడు అతను.

తగిలించేటప్పుడు నేనూ చదవలేదు. బాబాయి రాసిన దాంట్లో తప్పు వెతికే అలవాటు మా వీధిలో ఎవరికీ లేదు. కోపమంతా పోయి, నవ్వుకుంటూ బోర్డు ఊడదీసుకుని ఆయన దగ్గరకు వెళ్లాను. పగలబడి నవ్వుతాడని, నెల రోజులు ఊరంతా చెప్పుకు తిరుగుతాడని అనుకున్నాను. ఆయన నవ్వలేదు. బోర్డును ఒళ్లో పెట్టుకుని, ఆఖరి అక్షరం పక్క ఖాళీని వేలితో కొలిచాడు.

"చోటు చాల్లేదురా. ఆ ఒక్కటీ పొద్దున చిన్నగా ఇరికిద్దాం అనుకున్నాను. మర్చిపోయాను."

యాభై ఏళ్లలో ఆయనకు చోటు చాలకపోవడం అదే మొదలు. కుంచె తీసి 'దు' రాయబోయాడు. అప్పుడు చూశాను ఆయన చెయ్యి. కర్ర మీద ఆనించిన మణికట్టు, బల్ల మీద పెట్టిన ఫోను మోగినప్పుడు అదిరినట్టు అదురుతోంది. కొమ్ము వానపాములా మెలికలు తిరిగింది. గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. మళ్లీ అంతే. మూడోసారి నేనే "బాగుంది బాబాయ్, చాలు" అని బోర్డు తీసుకుని వచ్చేశాను.

ఆ వణుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే నాలుగేళ్లు వెనక్కి, ఆయన మోకాలి దాకా వెళ్లాలి.

నిచ్చెనలు ఎక్కీ దిగీ ఆయన మోకాళ్లు అరిగాయి. ఒకరోజు బస్టాపు దగ్గర, పని మానేసిన ఒక బస్సు డ్రైవరు, ఈయన పాత స్నేహితుడు, జేబులోంచి ఒక మాత్ర తీసి ఇచ్చాడు. గంటలో నొప్పి మాయమైంది. ఆ రోజు నుంచి పొద్దునొకటి, సాయంత్రమొకటి ఆయనే కొనుక్కుని వేసుకోసాగాడు. కొన్నాళ్లకు బీపీ పెరిగింది. బీపీ డాక్టరు ఒక మాత్ర రాశాడు. తగ్గకపోతే రెండోది కలిపాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే లేదన్నాడు బాబాయి. ఆయన దృష్టిలో నొప్పి మాత్ర మందు కాదు. బీపీ, షుగరు లాంటి పెద్ద పేరున్న జబ్బుకు వేసుకునేదే మందు.

బీపీ మాత్రలు రెండయ్యాక, కూర్చున్నవాడు లేస్తే కళ్లు తిరగడం మొదలైంది. చెవి డాక్టరు దగ్గరకు వెళ్తే కళ్లు తిరగకుండా ఒక మాత్ర రాసి, రెండు వారాలు వాడమన్నాడు. ఆ రెండు వారాలు ఏడాదిన్నర అయ్యాయి. ఆపమని కాగితం మీద ఉంది గానీ, కాగితం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఖాళీ అట్ట చూపిస్తే షాపువాడు కొత్త అట్ట ఇచ్చేవాడు. ఆ ఏడాదిన్నరలోనే చెయ్యి వణకడం, అడుగు చిన్నదవడం, ముఖంలో నవ్వు ఆలస్యంగా రావడం మొదలయ్యాయి. నరాల డాక్టరు వణుకు తగ్గడానికి ఒకటి రాశాడు. దాంతో నోరెండిపోయింది, కడుపు బిగుసుకుపోయింది, మాట నాలుక చివరదాకా వచ్చి జారిపోయేది. కడుపుకు ఒకటి, నిద్రకు ఒకటి, మతిమరుపుకు ఎవరో చెప్పిన గొట్టం మాత్ర ఒకటి, నీరసానికి బలం బిళ్ల ఒకటి. గ్యాసు రాకుండా బీపీ డాక్టరు ఒకటి, నరాల డాక్టరు ఒకటి. అన్నీ కలిపి పదకొండు.

అందులో ఏ డాక్టరూ చెడ్డవాడు కాదు. ఒకరి దగ్గర ఇంకొకరి కాగితం లేదు, అంతే. మందుల షాపులోనైనా ఎవరో ఒకరు చూసి ఉండేవాళ్లు గానీ, బాబాయి ఏ డాక్టరు దగ్గరకు వెళ్తే ఆ పక్క షాపులోనే కొనేవాడు. పదకొండూ కలిసి ఒకచోట ఉన్నది ఆయన కడుపులో మాత్రమే. మోకాలి మాత్ర జేబులో ఉండేది, మిగతావి పిన్ని బిస్కెట్ డబ్బాలో.

ఆ డబ్బాలో అట్టముక్కలతో మూడు గదులు చేసి, వాటి మీద ఉ, మ, రా అని బాబాయే రాసుకున్నాడు. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. మాత్రల పేర్లు చదివేవాడు కాదు. అట్టల మీది అక్షరాలు చూస్తే ఆయనకు కోపం.

"ఇంత ముఖ్యమైన సంగతిని చీమ తలకాయంత రాస్తారా? వీళ్లను నా దగ్గర రెండు నెలలు పనిలో పెట్టండి" అనేవాడు.

అందుకని రంగులతో గుర్తు పెట్టుకున్నాడు. లేత గులాబీది బీపీకి. నిమ్మపండు రంగుది కళ్లు తిరగడానికి. ఇటుక రంగుది బలానికి. మా గేటు బోర్డు రాసిన కొన్నాళ్లకు, షాపులో గులాబీది అయిపోయిందని అదే మందు వేరే కంపెనీది ఇచ్చారు. అది తెల్లగా ఉంది. తెల్లది ఏదో కొత్తదనుకుని డబ్బాలో చేర్చాడు. సొరుగులో పాత గులాబీవి ఒక అట్ట దొరికితే వాటినీ మానలేదు. అలా రెండు రోజులు ఒకే మందు రెండింతలు పడింది.

మూడో రోజు పొద్దున అరుగు మీద చిన్న పీట వేసుకుని ఒక రేకుకు నీలం రంగు పూస్తున్నాడు. లేచాడు. కళ్లు బైర్లు కమ్మాయి. వెనక్కి తూలి, తిన్నగా నీలం రంగు తొట్టిలో కూలబడ్డాడు. ఎముకలేవీ విరగలేదు. పంచె మాత్రం మళ్లీ కట్టడానికి పనికిరాలేదు. కూతురు మిషన్ ఆపి పరుగెత్తుకొచ్చి, ఏడుస్తూనే నవ్వేసింది. పిన్ని ఆయన్ని లేపి, నడుము దాకా చూసి, "లోపలికి రండి, ఇది ఆరాక రెండో పూత వేసుకుందురు గాని" అంది.

నవ్వు చల్లారాక కూతురు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చాలు నాన్నా. డెబ్బై మూడేళ్లు వచ్చాయి. చెయ్యి నీ మాట వినట్లేదు, కాలూ వినట్లేదు. ఇంక ఆపేయ్."

బాబాయి ఎదురు చెప్పలేదు. వాదించి ఉంటే ఆమెకు ఇంత భయం వేసేది కాదట. కుంచెలన్నీ కిరోసిన్లో కడిగి, ఆరబెట్టి, పాత దుప్పటి ముక్కలో చుట్టి అటక మీద పెట్టేశాడు. తర్వాత మూడు వారాలు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధి చూశాడు. నేను పలకరించడానికి వెళ్తే పిన్ని గుమ్మంలోనే ఆపి, "మాట్లాడట్లేదురా. నేను మడిచి పెట్టడానికైనా ఒక్క మాట ఉండాలి కదా" అంది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

ఆ నాలుగో వారంలో మందుల షాపు అమ్మాయి వచ్చింది. అమ్మాయి అంటున్నాను గానీ ఆవిడకు నలభై దాటాయి. తండ్రి కౌంటరు నడిపే రోజుల్లో బడి సంచితో వచ్చి బల్ల కింద కూర్చునేది, ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. తండ్రి కాలంలో బాబాయి రాసిన బోర్డు పెచ్చులూడిపోతోందట.

"అదే బోర్డు, అవే అక్షరాలు మళ్లీ రాయించాలి బాబాయ్. ఫ్లెక్సీ నాకొద్దు" అంది, ఫ్లెక్సీ దుకాణం మధ్యలో నిలబడి. కూతురు మిషన్ వెనక నుంచి దగ్గింది.

బాబాయి కుడిచెయ్యి చాచి గాల్లో పెట్టాడు. చెయ్యే చెప్పింది.

మందుల షాపు అమ్మాయి చేతి వంక కన్నా ముఖం వంక ఎక్కువసేపు చూసింది. తను ఎప్పుడొచ్చినా ఆయన కనుబొమలు ఆయన కంటే ముందు మాట్లాడేవి. ఇప్పుడా ముఖం ఇస్త్రీ చేసిన గుడ్డలా ఉంది.

"ఈ వణుకు ఎప్పట్నుంచి బాబాయ్?"

"వయసమ్మా."

"వయసు ఎప్పట్నుంచని అడగలేదు. వణుకు ఎప్పట్నుంచి?"

ఆయన ఆలోచించాడు. "ఏడాది అయ్యుంటుంది."

"మాత్రలు ఎన్ని వాడుతున్నారు?"

"రెండో, మూడో."

పిన్ని లోపలికెళ్లి బిస్కెట్ డబ్బా తెచ్చి, ఫ్లెక్సీలు కత్తిరించే బల్ల మీద బోర్లించింది. తర్వాత సొరుగులోవి తెచ్చింది. ఆ తర్వాత ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి మోకాలి మాత్రలు కూడా తీసి బల్ల మీద పెట్టింది. ఆ రంగులన్నీ చూసి కూతురు మిషన్ ఆపేసింది. ఇంట్లో ఎవరూ వాటిని ఒక్కచోట పోసి చూడలేదు.

మందుల షాపు అమ్మాయి ఒక ఫ్లెక్సీ ముక్క వెనక్కి తిప్పి, ఒక్కో అట్టా చదివి రాసింది. ఏది ఎప్పుడు మొదలైందో, ఎందుకో, ఎవరిచ్చారో అడిగింది. గ్యాసు మాత్రలు రెండూ ఒకటే మందు, పేర్లే వేరు. గులాబీది, తెల్లది కూడా అంతే. నిమ్మపండు రంగు అట్ట దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

"ఇది ఏడాదిన్నర నుంచి వేసుకుంటున్నారా? ఎక్కువకాలం వాడితే కొంతమంది పెద్దవాళ్లకు దీనివల్లే చేతులు వణుకుతాయి. మీకు దీనివల్లే అని నేననను, అది తేల్చాల్సింది డాక్టరు. ఇవన్నీ సంచిలో వేసుకుని ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ దగ్గరకు వెళ్లండి, నేను ఫోన్ చేసి చెప్తాను. అప్పటిదాకా మీ అంతట మీరు ఒక్కటి కూడా మానొద్దు. వినబడిందా? ఒక్కటి కూడా మానొద్దు."

డాక్టరమ్మ అయిదు రోజుల తర్వాత రమ్మంది. కానీ బాబాయికి మందుల షాపు అమ్మాయి మాటల్లో మొదటి సగమే చెవికెక్కింది. తన చెయ్యి ముసలిదైపోలేదు, దాన్ని ఎవరో పట్టుకుని ఆడిస్తున్నారు. ఆ సంతోషంలో మర్నాడు పొద్దున లేచి, డబ్బాలో ఉన్నవన్నీ చెత్తబుట్టలో గుమ్మరించాడు. పిన్ని అడిగితే "వేసుకున్నాగా" అన్నాడు. పెళ్లయిన నలభై ఎనిమిదేళ్లలో ఆయన ఆవిడతో ఆడిన అబద్ధాల్లో అది చాలా పెద్దదని తర్వాత ఒప్పుకున్నాడు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నానికి తల పగిలిపోతోంది, గుండె దడదడలాడుతోంది, కాళ్లు చేతులు కుదురుగా నిలవట్లేదు. రెండు రోజులుగా రెప్ప పడలేదట. ముట్టుకుంటే కసురుకుంటున్నాడు. పిన్ని డబ్బా మూత తీసింది. అందులో ఉ, మ, రా తప్ప ఏమీ లేవు.

కూతురు ఫ్లెక్సీలు చేరవేసే బండిలోనే ఆయన్ని ఎక్కించింది. ఎవరిదో కొత్త దుకాణం ప్రారంభోత్సవం ఫ్లెక్సీ చుట్ట ఒళ్లో పెట్టుకుని, తల పట్టుకుని, బాబాయి ఆసుపత్రికి వెళ్లాడు. నేను వెనక బండి మీద వెళ్లాను.

పెద్ద డాక్టరమ్మది తెల్లజుట్టు, తొందరలేని గొంతు. ముందు బీపీ చూసి, మందు ఇచ్చి, గంటసేపు మంచం మీద పడుకోబెట్టింది. కాస్త దిగాక పడుకున్నప్పుడు ఒకసారి, కూర్చున్నాక ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూసి రాసుకుంది. అప్పుడు కుర్చీ దగ్గరకు లాక్కుంది.

"మందులు మానేయమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. మానొద్దని రెండుసార్లు చెప్పారు."

"మరి ఎందుకు మానేశారు?"

"ఉత్సాహమండి."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేదు. తర్వాత కూతురు వెంట తెచ్చిన ఆ ఫ్లెక్సీ ముక్క చేతిలోకి తీసుకుంది. "వీటన్నిట్లో మొట్టమొదట వచ్చింది ఏది? ఆలోచించి చెప్పండి."

"మోకాలి మాత్రండి. కానీ అది మందు కాదు."

"అదే అసలు మందు" అంది ఆవిడ. పెన్ను తీసుకుని మోకాలి మాత్ర నుంచి బీపీకి ఒక గీత గీసింది. "ఆ నొప్పి మాత్ర రోజూ వేసుకుంటే బీపీ పెరగొచ్చు. అది తెలియక బీపీకి రెండు మాత్రలు పడ్డాయి. దాంతో లేస్తే కళ్లు తిరిగాయి. కళ్లు తిరిగితే ఈ నిమ్మపండు రంగుది. దానితో వణుకు. వణుకుకు ఇది. దీంతో నోరెండటం, మలబద్ధకం, మతిమరుపు. వాటికి ఇవి." గీతలన్నీ కలిసి ఆ ముక్క చివరిదాకా వచ్చాయి.

బాబాయి ఆ గీతల మీద చివర నుంచి మొదటిదాకా వేలు జరిపాడు. "అంటే అమ్మా, అడుగున పెచ్చు లేచిందని చూసుకోకుండా రంగు మీద రంగు వేసుకుంటూ పోయామన్నమాట."

"అంతే. ఇప్పుడు గీకాలి. కానీ చెక్క దెబ్బతినకుండా గీకాలి, మీరు మొన్న గీకినట్టు కాదు. ఇందులో మీకు నిజంగా అవసరమైనవి ఉన్నాయి. కొన్ని ఇవాళే ఆపొచ్చు. నిద్రమాత్ర, వణుకు మాత్ర ఒక్కసారిగా ఆపితే ఒళ్లు తిరగబడుతుంది, కొద్దికొద్దిగా తగ్గించాలి."

"చెయ్యి వస్తుందా అమ్మా?"

"రావొచ్చు. వస్తుందని మాటివ్వను. నెలలు పడుతుంది. రాకపోతే ఇంకేమిటో అప్పుడు చూద్దాం."

ఆవిడ అక్కడే కూర్చుని నరాల డాక్టరుకు ఫోన్ చేసింది, బీపీ డాక్టరుకు చేసింది. పాత కాగితాలన్నీ పక్కన పెట్టి, ఒక్క కాగితం మీద అంతా రాసింది. ఇంటికొచ్చాక కూతురు ఆ కాగితాన్ని తలుపంత ఫ్లెక్సీ మీద అచ్చువేసి వంటింటి గోడకు తగిలించింది. మందు పేరు, దేనికి, ఎప్పుడు, ఎంత, ఎప్పటిదాకా. వీధిలోంచి కూడా చదవొచ్చు.

బాబాయి దాని ముందు నిలబడి, "అక్షరాల మధ్య ఎడం చూడవే. 'ఉదయం'లో ఉ ఒక ఊళ్లో ఉంది, దయం ఇంకో ఊళ్లో ఉంది" అన్నాడు. నెల తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి వంక అది. పిన్ని పొయ్యి దగ్గర నుంచి వెనక్కి తిరగలేదు గానీ, గరిటె ఆగింది.

ఆ తర్వాతి నెలలు అంత సాఫీగా ఏమీ సాగలేదు. నొప్పి మాత్ర మానేసరికి మోకాళ్లు గోల పెట్టాయి. వేడినీళ్ల కాపడం, కుర్చీలో కూర్చుని కాళ్లు చాచే కసరత్తు, నొప్పి మరీ ఎక్కువైన రోజు డాక్టరమ్మ చెప్పిన వేరే బిళ్ల ఒకటి. జేబులో మాత్రలతో పలకరించడానికి వచ్చిన బస్సు డ్రైవరును పిన్ని గుమ్మంలోనే నిలబెట్టి, ఫ్లెక్సీ మొత్తం పైకి చదివించి పంపింది. నిద్రమాత్ర తగ్గించిన వారాల్లో ఆయన ఎవరితో మాట్లాడినా తగువే. నాతో కూడా, మా గేటు రంగు బాగాలేదని తగువు పెట్టుకున్నాడు. నిమ్మపండు రంగు మాత్ర ఆపిన నెలకు కూడా చెయ్యి అలాగే వణికితే, "ఆవిడ మాటివ్వనంది కదా" అని మళ్లీ కిటికీ పక్క చేరాడు.

అప్పుడు పిన్ని ఆయనకు ఒక పని పెట్టింది. రోజూ పొద్దున టీ తాగాక పాత పేపరు మీద కుంచెతో ఒక్క సున్నా చుట్టాలి. అంతే, ఒక్కటే. పక్కన తారీఖు ఆవిడ వేస్తుంది. మొదటి వారం సున్నాలు ఎవరో కొరికిన బిస్కెట్లలా ఉన్నాయి. రెండో నెలలో బంగాళాదుంపలయ్యాయి. మూడో నెలలో గుడ్లు. నేను ఆఫీసుకు వెళ్తూ ఆగి చూసేవాణ్ని. మందుల షాపు అమ్మాయి షాపు తెరవబోతూ తొంగి చూసేది. కూతురు వాటిని వరుసగా పేర్చి దాచింది. అడిగితే, పాత పేపరు కదా పారేయబుద్ధి కాలేదు అంది.

నాలుగో నెల మధ్యలో ఒక పొద్దున, మొదలుపెట్టిన గీత తిరిగి తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి, అతుకు కనిపించకుండా కలిసిపోయింది. బాబాయి కుంచె పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

"ఏమోయ్, ఇలా రా."

పిన్ని చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇది సున్నాయే" అంది. తారీఖు వేయడానికి పెన్ను తీసింది గానీ, ఆ రోజు ఆవిడ చేతికే వణుకొచ్చింది.

ఆ తర్వాతి నెలలో మందుల షాపు బోర్డు రాశాడు. నిచ్చెన ఎక్కొద్దని కూతురు షరతు పెట్టింది, కాబట్టి బోర్డునే కిందికి దించి, బల్ల మీద పెట్టి రాశాడు. నాలుగు రోజుల పని తొమ్మిది రోజులు చేశాడు. ఉంగరం వేలు ఇప్పటికీ ఒక్కోసారి దానంతట అది కదులుతుంది, అది పోలేదు. పోకపోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. దాన్ని చూపుడు వేలి వెనక దాచి రాయడం నేర్చుకున్నాడు. బోర్డు తగిలించిన రోజు వీధిలో సగం మంది చేరారు. అందరం ముందు అక్షరాలు లెక్కపెట్టాం. ఆయనకు తెలిసి, "ఏరా, దొంగల్లారా" అని కనుబొమలు ఎగరేశాడు. నవ్వు ఆ ముఖంలోకి ఆలస్యం లేకుండా వచ్చింది.

పదకొండు నాలుగయ్యాయి. ఆ నాలుగూ ఒక్క షాపులోనే కొంటాడు. రంగు మారితే కౌంటరు దగ్గరే నిలబడి ఎందుకు మారిందో చెప్పించుకుని గానీ కదలడు.

మొన్న ఆరునెలల పరీక్షకు బాబాయి, పిన్ని ఇద్దరూ డాక్టరమ్మ దగ్గరకు వెళ్లారు. నేనూ తోడు వెళ్లాను. బాబాయిని నిలబెట్టి, కూర్చోబెట్టి, నడిపించి చూసి, అంతా బాగుందని కాగితం ఇచ్చింది డాక్టరమ్మ. లేవబోతుంటే ఆవిడ చూపు పిన్ని మీద పడింది.

"మీ సంచి ఏదమ్మా?"

"నాకు సంచి దేనికి? నాకేం జబ్బులు లేవు" అంది పిన్ని.

"మందులేమీ వాడట్లేదా?"

"లేదు. ఏవో రెండు మూడు."

బాబాయి మెల్లగా మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని ఆయన వంక చూడకుండా చేతిసంచి తెరిచి, డాక్టరమ్మ బల్ల మీద ఒక అట్ట పెట్టింది. ఇంకోటి పెట్టింది. కళ్లజోడు పెట్టె తెరిస్తే అందులో రెండు. రుమాలులో కట్టినవి కొన్ని. ఆఖరున, చాలాసేపు తటపటాయించి, బస్సు డ్రైవరు దగ్గర తీసుకున్న మోకాలి మాత్రలు. నేను లెక్కపెట్టాను. ఏడు రకాలున్నాయి.

"మీరు కాసేపు బయట కూర్చోండి" అంది డాక్టరమ్మ మా ఇద్దరితో.

బయట బల్ల మీద బాబాయి నా పక్కన కూర్చుని, తలుపు మీది 'నెట్టుము' అన్న అక్షరాలు ఎవరు రాశారో గానీ బాగా రాశారని మెచ్చుకున్నాడు. తలుపు సరిగా పడలేదు. లోపల్నుంచి పిన్ని గొంతు వినిపిస్తూనే ఉంది. ఆవిడ అంతసేపు ఆపకుండా మాట్లాడటం మేమిద్దరం ఎప్పుడూ వినలేదు. బాబాయి చెవి తలుపు వైపు వంచి, నవ్వు బిగబట్టుకుని, నన్ను నోరెత్తొద్దని సైగ చేశాడు.